నలభై రెండు పీచుల సాక్ష్యం

1977 ఏప్రిల్ 25న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కు తూర్పున, తీరానికి దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో జుయియో మారు అనే జపాన్ ట్రాలర్ చేపల వేటలో ఉంది. మూడు వందల మీటర్ల లోతు నుంచి వల లాగేసరికి అందులో కుళ్లిన పెద్ద కళేబరం ఒకటి పడి ఉంది. తాళ్లు బిగించి పైకెత్తారు. డెక్కు మీదికి కొవ్వులాంటి తెల్లటి ద్రవం కారసాగింది. కంపుకు మనుషులు దగ్గర నిలవలేకపోయారు. సన్నటి పొడవాటి మెడ, చిన్న తల, రెక్కల్లాంటి అవయవాలు, చివర తోక. నడివయసు దాకా సముద్రం మీదే బతికిన జాలర్లకు కూడా అది ఏ జంతువో అంతుపట్టలేదు.

నౌకలో మిచిహికో యానో అనే ఉద్యోగి ఉన్నాడు. శాస్త్రవేత్త కాదు. నౌక యజమాని అయిన తైయో చేపల కంపెనీలో ఉత్పత్తి విభాగం చూసుకునే సహాయ అధికారి. అతను కళేబరాన్ని కొలిచాడు. మొత్తం పొడవు సుమారు 10 మీటర్లు, అందులో మెడ ఒకటిన్నర మీటరు. బరువు 1,800 కిలోల వరకు ఉంటుందని అంచనా. ఐదు ఫొటోలు తీశాడు. ఆపైన ముందు రెక్క కొస నుంచి కొమ్ములాగా గట్టిగా ఉన్న 42 పీచులు తీసి దాచాడు. కళేబరం నుంచి కారేది పట్టిన చేపల మీద పడితే సరుకంతా పాడవుతుందని కెప్టెన్ అకీరా తనాకా దాన్ని తిరిగి సముద్రంలోకి తోయించాడు. చేపలమ్ముకుని బతికే నౌక కెప్టెన్ ఇంకేం చేస్తాడు? ఆయన చేసింది సబబే.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ కళేబరం మీద వాదం నడిచింది. మనుషులతో పాటు రాక్షసబల్లులు ఇంకా బతికే ఉన్నాయని, కాబట్టి భూమి వయసు కోట్ల ఏళ్లు కాదని, పరిణామ సిద్ధాంతం కూలిందని కొందరు దీన్ని పట్టుకుని చెప్పారు. చివరికి ఆ వాదాన్ని తేల్చినవి యానో దాచిన పీచులు. ఆ వాదం పుట్టి, పెరిగి, తగ్గిన కథను అమెరికాలో నడిచిన మరో రెండు వాదాలతో కలిపి చూస్తే, దొరికిన వస్తువు ఎప్పుడు సాక్ష్యమవుతుందో తెలుస్తుంది.

జపాన్‌లో ఆ వేసవి

యానో జూన్‌లో జపాన్ తిరిగి వచ్చాకే ఫొటోలు కడిగించాడు. వాటిని చూసినవారు నిర్ఘాంతపోయారు. తాళ్లకు వేలాడుతున్న ఆ ఆకారం పాఠ్యపుస్తకాల్లోని ప్లీసియోసార్ అనే ప్రాచీన సముద్ర జంతువు బొమ్మను పోలి ఉంది. జులై 20న కంపెనీ పత్రికలవారిని పిలిచి విషయం బయటపెట్టింది. దేశమంతా అదే మాట. కళేబరం మళ్లీ ఎక్కడైనా తేలిందేమో వెతకమని కంపెనీ తన నౌకలకు కబురు పంపింది. దొరకలేదు.

పేరున్న శాస్త్రవేత్తలు కూడా మొదట్లో తొందరపడ్డారు. యోకోహామా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన తోకియో శికామా అది ప్లీసియోసారే అయి ఉంటుందన్నాడు. టోక్యోలోని జాతీయ విజ్ఞాన మ్యూజియంలో జంతు పరిశోధన విభాగం నడిపే యోషినోరి ఇమైజుమి అది చేప కాదు, తిమింగలం కాదు, మరే క్షీరదమూ కాదన్నాడు. ఈ మాటలు ప్రపంచమంతా అచ్చయ్యాయి. తర్వాత వచ్చిన దిద్దుబాట్లకు అంత చోటు దక్కలేదు.

అదే ఏడాది జపాన్ తపాలా శాఖ ప్లీసియోసార్ బొమ్మతో ఒక స్టాంపు వేసింది. ఈ కళేబరానికి జపాన్ ప్రభుత్వం వేసిన ముద్ర ఇదేనని ఎందరో రాశారు. నిజానికి ఆ స్టాంపు జాతీయ విజ్ఞాన మ్యూజియం శతజయంతి సందర్భంగా వచ్చింది. మ్యూజియం పుట్టింది 1877లో, నూరేళ్లు నిండింది 1977లో. తన నేలలోనే ప్లీసియోసార్ శిలాజం దొరికిన దేశం అది. ఆ బొమ్మ వేసుకోవడానికి వలలో పడిన కళేబరం అక్కర్లేదు. ఒక వదంతికి రుజువు ఎలా పుడుతుందో ఈ స్టాంపు కథ చెబుతుంది. రెండు సంగతులు ఒకే ఏడాది జరిగితే చాలు, ఒకటి రెండోదానికి సాక్షి అయిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. ప్లీసియోసార్ డైనోసార్ కాదు. డైనోసార్లు ప్రధానంగా నేల మీద బతికినవి. ప్లీసియోసార్లు అదే కాలంలో సముద్రంలో ఈదిన వేరే వంశపు సరీసృపాలు. 6.6 కోట్ల ఏళ్ల కిందట రెండూ కనుమరుగయ్యాయి. పత్రికలకు ఆ తేడా పట్టలేదు. మన తెలుగులోనూ ‘రాక్షసబల్లి’ అనే ఒక్క మాట అన్నిటికీ సరిపోతోంది.

వాదంలో పందెం ఏమిటి?

మాంసం కుళ్లిన ఒక కళేబరం మతాన్నీ సైన్సునూ ఎందుకు ఢీకొట్టించిందో తెలియాలంటే అమెరికా వైపు చూడాలి. 17వ శతాబ్దంలో ఐర్లాండ్ ఆర్చ్‌బిషప్ జేమ్స్ అషర్ బైబిల్‌లోని వంశావళుల్ని లెక్కగట్టి సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందన్నాడు. 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రం ఆ లెక్కను పక్కనపెట్టింది. చాలా చర్చిలు దానితో సర్దుకున్నాయి కూడా. క్రైస్తవులందరూ సృష్టివాదులు కారు. పోప్ రెండో జాన్ పాల్ 1996లో పరిణామం ఒక ఊహకు మించినదని ఒప్పుకున్నాడు.

కాని అమెరికాలో ఒక వర్గం ఆ పాత లెక్కను వదల్లేదు. 1925లో టెనెసీ రాష్ట్రం డేటన్‌లో జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద పరిణామం బోధించాడని కేసు నడిచింది. 1961లో జాన్ విట్‌కోంబ్ అనే మతపండితుడు, హెన్రీ మోరిస్ అనే జలవనరుల ఇంజినీరు కలిసి ‘ది జెనెసిస్ ఫ్లడ్’ పుస్తకం రాశారు. భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని, శిలాజాలున్న పొరలన్నీ నోవహు కాలపు జలప్రళయంలో ఒక్కసారి ఏర్పడ్డాయని వారి వాదం. నేటి సృష్టివాద ఉద్యమానికి ఈ పుస్తకమే పునాది. ఈ వాదం నిజమైతే మనిషి, డైనోసార్ ఒకే కాలంలో తిరిగి ఉండాలి. డైనోసార్ల జాడ మనిషి అడుగుల పక్కన కనిపించాలి. ఏ మారుమూల సరస్సులోనో ఒకటి అరా ఇంకా మిగిలి ఉన్నా ఆశ్చర్యపోకూడదు. అందుకే స్కాట్లండ్‌లోని లాక్ నెస్ వింత జంతువు, కాంగో చిత్తడి నేలల్లో ఉందనే మొకెలె ఎంబెంబె, న్యూజిలాండ్ కళేబరం ఒకే జాబితాలో చేరాయి.

పీచులు ఏం చెప్పాయి?

యానో తెచ్చిన పీచుల్ని శిగెరు కిమురా, ఆయన సహచరులు ప్రయోగశాలలో పరీక్షించారు. ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులు. ఏ ఆమ్లం ఎంత పాలు ఉందో కొలిస్తే ఆ ప్రోటీన్ ఏ రకందో గుర్తుపట్టవచ్చు. ఈ పీచుల్లోని ప్రోటీన్ ఎలాస్టోయిడిన్ అని తేలింది. సొరల రెక్కలకు బిగువునిచ్చే పీచుల్లో ఉండేది ఇదే. పక్కన బాస్కింగ్ షార్క్ రెక్క పీచులు పెట్టి పోల్చారు. రెండు లెక్కలూ దాదాపు ఒక్కటిగా వచ్చాయి. పాకే జంతువుల అవయవాల్లో ఇలాంటి పీచులు ఉండవు. తూర్పు ఆసియా హోటళ్లలో సొర రెక్కల సూప్‌లో సేమ్యాలాగా తేలేవి ఈ పీచులే. ఒక ప్రాచీన రాక్షసి గుర్తింపు చివరికి వంటింటి సరుకు దగ్గర తేలింది.

బాస్కింగ్ షార్క్ చేపల్లో తిమింగల సొర తర్వాత అన్నిటికంటే పెద్దది. నీటి పైభాగంలో నోరు బార్లా తెరిచి ఈదుతూ నీటిలో తేలే చిన్న చిన్న జీవుల్ని వడగట్టుకు తింటుంది. మనిషికి హాని చేయదు. అది చచ్చాక కుళ్లే తీరులోనే అసలు కిటుకు ఉంది. మన తీరంలో సొర పిట్టు వండేవారికి ఈ సంగతి ఒక కొసన తెలుసు: సొరకు ముళ్లు ఉండవు. దాని అస్థిపంజరం మొత్తం మృదులాస్థి, అంటే మన చెవి డిప్పలో, ముక్కు కొసలో ఉండే మెత్తటి పదార్థం. బాస్కింగ్ షార్క్‌కు దవడలు, మొప్పల చట్రాలు చాలా పెద్దవి, పట్టు మాత్రం వదులు. కుళ్లేటప్పుడు మొదట ఊడి పడిపోయేవి అవే. అవి పోతే మిగిలేది చిన్న పుర్రె, దాని వెనక సన్నటి వెన్ను. చూసేవారికి అది చిన్న తల, పొడవాటి మెడ. తోకలో వెన్ను పై తమ్మె గుండా మాత్రమే పోతుంది కాబట్టి కింది తమ్మె ఊడి సన్నటి తోక మిగులుతుంది. పక్క రెక్కలు తెడ్లలా నిలుస్తాయి. ప్రకృతి ఒక సొరను ప్లీసియోసార్‌గా చెక్కి ఒడ్డుకు తోస్తుంది.

ఇది 1977కు ముందే తెలిసిన సంగతి. 1808లో స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ ద్వీపాల్లోని స్ట్రాన్సే తీరానికి ఒక కళేబరం కొట్టుకొచ్చింది. చూసినవారు దాన్ని 55 అడుగులుగా కొలిచారు. మూడు జతల కాళ్లున్నాయని ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చారు. ఎడింబరోలోని పండితులు దానికి శాస్త్రీయ నామం కూడా పెట్టారు. లండన్‌లో ఎవరార్డ్ హోమ్ అనే వైద్యుడు దాని వెన్నుపూసల్ని బాస్కింగ్ షార్క్ వెన్నుపూసలతో పోల్చి ఇది సొరేనన్నాడు. అక్కడ గెలిచిన సాక్ష్యం కూడా మిగిలిన వెన్నుపూసలే, ప్రమాణాలు కావు.

ఈ రెండు కళేబరాల మధ్య ఒక తేడా ఆలోచించదగ్గది. స్ట్రాన్సే జనం తాము చూసింది సముద్ర సర్పమన్నారు. న్యూజిలాండ్ ఫొటోలు చూసినవారు ప్లీసియోసారన్నారు. ఎందుకంటే 1808 నాటికి ప్లీసియోసార్ అనే ఊహే లోకానికి లేదు. హెన్రీ డెలాబెష్, విలియం కోనిబేర్ ఆ పేరు పెట్టింది 1821లో. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ కొండచరియల్లో మేరీ ఆనింగ్ నిండు అస్థిపంజరం తవ్వి తీసింది 1823లో. ఆ తర్వాత పుస్తకాలు, మ్యూజియంలు, సినిమాలు ఆ మెడను అందరి కళ్లల్లో నాటాయి. చచ్చిన సొర ఆకారం మారలేదు. చూసేవాడి బుర్రలోని బొమ్మ మారింది.

1978లో జపాన్, ఫ్రాన్స్ సముద్ర శాస్త్ర సంఘం ఈ కళేబరం మీద పరిశోధన పత్రాల సంపుటం ఒకటి వెలువరించింది. అందులో రాసినవారందరూ ఏకాభిప్రాయానికి రాలేదు గాని, మొగ్గు సొర వైపే ఉంది. అయినా సృష్టివాద పుస్తకాల్లో ఆ ఫొటో ప్లీసియోసార్‌గానే తిరిగింది. 1997లో గ్లెన్ కూబన్ అనే అమెరికన్ పరిశోధకుడు ఆధారాలన్నీ ఒకచోట చేర్చి సుదీర్ఘ వ్యాసం రాశాడు. ఆ తర్వాత జరిగిందే ఈ కథలో అన్నిటికంటే చెప్పుకోదగ్గది. 1998, 1999 సంవత్సరాల్లో పియర్ యెర్ల్‌స్ట్రోమ్ అనే సృష్టివాది ఒక సృష్టివాద పత్రికలోనే ఇది సొర అని, దీన్ని ఇక వాదంలో వాడవద్దని రాశాడు. భూమి వయసు మీద ఆయన విశ్వాసం మారలేదు. ఈ వస్తువు మీద మాత్రం రుజువును ఒప్పుకున్నాడు.

పాలక్సీ నది అడుగులు

తన వాదానికి పనికొచ్చే సాక్ష్యాన్ని తానే వదులుకోవడం సృష్టివాద చరిత్రలో ఇది మొదటిసారి కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో గ్లెన్ రోజ్ అనే ఊరి పక్కన పాలక్సీ నది పారుతుంది. 1908లో వచ్చిన వరద అక్కడి సున్నపురాతి పరుపుల్ని ఊడ్చి బయటపెట్టింది. వాటి మీద మూడు వేళ్ల డైనోసార్ అడుగులు కనిపించాయి. అవి సుమారు 11 కోట్ల ఏళ్ల కిందటి బురద మీద పడ్డవి. వాటితో పాటు పొడవాటి, మనిషి పాదంలాంటి గుర్తులు కూడా అక్కడక్కడా కనిపించాయి.

1930ల ఆర్థిక మాంద్యంలో ఆ ఊళ్లో చేతికి పనిలేదు. కొందరు అడుగులున్న రాళ్లు తవ్వి యాత్రికులకు అమ్మారు. గిరాకీ చూసి కొందరు తామే రాయి మీద మనిషి పాదాలు చెక్కి అమ్మారు. 1938లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కోసం శిలాజాలు సేకరించే రోలండ్ బర్డ్ న్యూ మెక్సికోలోని ఒక దుకాణంలో అలాంటి రాక్షస పాదాలు చూశాడు. అవి చెక్కినవని వెంటనే పట్టేశాడు. అయితే అవి వచ్చిన చోట నిజమైన డైనోసార్ అడుగులున్నాయని కూడా గ్రహించి కారు గ్లెన్ రోజ్ వైపు తిప్పాడు. నదిలో దిగి వెతికితే సారోపాడ్ అనే పొడవుమెడ డైనోసార్ నడిచిన బాట దొరికింది. ఒక్కొక్క అడుగులో చిన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. 1940లో దాన్ని తవ్వి తీశారు. ఒక భాగం ఇప్పటికీ న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. దొంగ పాదం ఒక నిజమైన ఆవిష్కరణకు దారి చూపింది.

బర్డ్ తన అనుభవాన్ని 1939లో వ్యాసంగా రాశాడు. ఆయన చెప్పిన ‘చెక్కినవి’ అనే మాట జారిపోయింది. మనిషి, డైనోసార్ కలిసి నడిచిన నది అనే ఊహ మాత్రం నిలిచింది. 1950లో క్లిఫర్డ్ బర్డిక్ ఒక మత పత్రికలో వాటి గురించి రాశాడు. 1961 నాటి ‘ది జెనెసిస్ ఫ్లడ్’ వాటిని తనలో చేర్చుకుంది. 1972లో ‘ఫుట్‌ప్రింట్స్ ఇన్ స్టోన్’ అనే సినిమా వచ్చి చర్చిల్లో, బళ్లలో తిరిగింది. ఈ నది సృష్టివాదానికి అన్నిటికంటే బలమైన రుజువుగా నిలబడింది.

సందేహం లోపలి నుంచి కూడా మొదలైంది. సెవెంత్ డే అడ్వెంటిస్టులు నడిపే లోమా లిండా విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నీ న్యూఫెల్డ్ 1975లోనే ఈ పాదాలు మనుషులవని చెప్పలేమని రాశాడు. 1980లలో గ్లెన్ కూబన్, టెక్సస్‌లో భౌతికశాస్త్రం బోధించే రోనీ హేస్టింగ్స్ ఏటేటా నీళ్లు తగ్గే కాలంలో ఆ నదికి వెళ్లారు. గుర్తుల్ని తడిపి, ఆరబెట్టి, పొద్దు వాలుతున్నప్పటి ఏటవాలు వెలుగులో చూశారు. అప్పుడు తేలిందేమంటే, కొన్ని డైనోసార్లు వేళ్ల మీద నడవడం మాని పాదం మొత్తం నేలకు ఆనించి నడిచాయి. అలా పడిన గుర్తు పొడవుగా ఉంటుంది. తర్వాత వేళ్ల గుంటల్లో వేరే రంగు మట్టి చేరి గట్టిపడింది. వేళ్లు పూడిపోయాక మిగిలిన పొడవాటి గుంట మనిషి అరికాలిలా కనిపిస్తుంది. పాలిపోయిన సున్నపురాయి మీద నీలిబూడిద, తుప్పు రంగు మచ్చల్లో మూడు వేళ్లు దాక్కుని ఉన్నాయి. ఒకసారి వాటి రంగు కంటికి అందాక, మనిషి పాదం మళ్లీ కనిపించదు.

1985 చివర్లో కూబన్ సృష్టివాద నాయకులను నది దగ్గరికే తీసుకెళ్లి చూపించాడు. సినిమా తీసిన సంస్థ దాన్ని ప్రదర్శన నుంచి ఉపసంహరించుకుంది. హెన్రీ మోరిస్ కుమారుడు, 1980లో ఆ అడుగుల మీదే పుస్తకం రాసిన జాన్ మోరిస్ 1986 జనవరిలో వాటిని ఇక పరిణామానికి వ్యతిరేక రుజువుగా వాడకూడదని తమ సంస్థ ప్రచురణలో రాశాడు. అందరూ ఒప్పుకోలేదు. కార్ల్ బా అనే ప్రచారకుడు అదే ఊళ్లో మ్యూజియం పెట్టి మనిషి పాదాలు ఉన్నాయనే చెబుతూ వచ్చాడు.

మెత్తబడిన ఎముక

మూడో సందర్భం మరింత సున్నితమైనది. ఇందులో వస్తువు దొంగది కాదు, గుర్తింపూ తప్పు కాదు. అమెరికాలోని మోంటానాలో హెల్ క్రీక్ పొరల నుంచి ఒక టైరనోసారస్ రెక్స్‌ను తవ్వారు. వయసు సుమారు 6.8 కోట్ల ఏళ్లు. దారి లేని చోటు కావడంతో హెలికాప్టర్‌తో ఎత్తాలి. ఆ బరువు మోయలేదని తొడ ఎముకను రెండుగా విరవాల్సి వచ్చింది. విరిగిన ముక్కలు శిలాజ శాస్త్రవేత్త మేరీ ష్వైట్జర్ చేతికి వచ్చాయి. ఖనిజాన్ని కరిగించే ద్రవంలో ఆమె ఒక ముక్కను నానబెట్టింది. రాయి అయిన ఎముక మొత్తం కరిగిపోవాలి. కాని లాగితే సాగి, వదిలితే ముడుచుకునే మెత్తటి పదార్థం మిగిలింది. అందులో రక్తనాళాల్లాంటి కొమ్మల గొట్టాలున్నాయి. 2005లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి వచ్చింది.

సృష్టివాదులు దీన్ని వెంటనే అందుకున్నారు. మెత్తటి పదార్థం కోట్ల ఏళ్లు నిలవదు, కాబట్టి ఈ ఎముక కొన్ని వేల ఏళ్లదే అన్నారు. శాస్త్రవేత్తలందరూ కూడా ష్వైట్జర్ మాటను ఊరికే ఒప్పుకోలేదు. 2008లో మరో బృందం అవి పాత రక్తనాళాలు కావని, ఎముకలో చేరిన బ్యాక్టీరియా పొరలేనని వాదించింది. ష్వైట్జర్ బృందం అప్పటికే ఎముకలో కొల్లాజెన్ ముక్కల్ని గుర్తించి, అవి కోడి కొల్లాజెన్‌కు దగ్గరగా ఉన్నాయని చూపించింది. పక్షులు డైనోసార్ల వారసులనే అవగాహనతో ఆ ఫలితం సరిగ్గా కుదిరింది.

2013లో ఆమె బృందం ఇంకో ప్రయోగం ప్రకటించింది. నిప్పుకోడి రక్తనాళాల్ని రెండు భాగాలు చేసి, కొన్నిటిని మామూలు నీటిలో, కొన్నిటిని ఎర్ర రక్తకణాల సారంలో ఉంచారు. నీటిలోవి కొన్ని రోజులకే కుళ్లాయి. రక్తసారంలోవి రెండేళ్ల తర్వాత కూడా చెడకుండా గుర్తుపట్టేలా ఉన్నాయి. హిమోగ్లోబిన్‌లోని ఇనుము కణజాలాన్ని కట్టిపడేస్తుందని వారి వివరణ. రెండేళ్లకూ కోట్ల ఏళ్లకూ దూరం ఎక్కువే, అందుకే ఈ పరిశోధన ఇంకా సాగుతోంది. అయితే ఎముక వయసును అది ఎంత మెత్తగా ఉందో చూసి లెక్కగట్టరు. దాన్ని పొదిగిన పొరల పైనా కిందా ఉన్న అగ్నిపర్వత బూడిదలోని రేడియోధార్మిక మూలకాల క్షయాన్ని కొలిచి చెబుతారు. ఆ పాత ఎముక మెత్తగా ఉండటం మనకు తెలియని ఒక రసాయన చర్యను చూపింది. గడియారాన్ని తప్పని తేల్చలేదు. ష్వైట్జర్ స్వయంగా నిష్ఠగల క్రైస్తవురాలు. తన పనిని భూమి వయసు తగ్గించడానికి వాడుకోవడాన్ని ఆమె పలుమార్లు ఖండించింది.

నిజంగా దొరికినా?

ఒక నిమిషం ఊహించుకుందాం. జుయియో మారు వలలో పడింది నిజమైన ప్లీసియోసారే అయినా పరిణామ సిద్ధాంతం కూలుతుందా? కూలదు. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో మార్జొరీ కోర్ట్నీ లాటిమర్ అనే మ్యూజియం ఉద్యోగినికి చేపల కుప్పలో నీలి వన్నె చేప ఒకటి కనిపించింది. డైనోసార్లతో పాటే అంతరించిందనుకున్న సీలకాంత్ అది. జె.ఎల్.బి. స్మిత్ దాన్ని గుర్తించి ఆమె పేరే పెట్టాడు. జీవశాస్త్రం కుప్పకూలలేదు, మరింత ఉత్సాహపడింది. పాత వంశాలన్నీ నశించి తీరాలని పరిణామం చెప్పదు. కొన్ని కొమ్మలు బతుకుతాయి, కొన్ని ఎండిపోతాయి. ఏది ఎప్పుడు పుట్టిందనే క్రమం మాత్రం తారుమారు కాకూడదు. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ను పరిణామాన్ని ఏది కూలుస్తుందని అడిగితే, జంతువులే లేని ప్రాచీన పొరల్లో కుందేలు శిలాజం అని జవాబిచ్చినట్టు ప్రచారంలో ఉంది. నేటి సముద్రంలో పాత జంతువు కనబడటం ఆ క్రమాన్ని చెడగొట్టదు. పాత పొరలో కొత్త జంతువు కనబడితేనే చెడుతుంది. బతికున్న డైనోసార్ కోసం వెతికినవారు ఇంతకాలం తప్పు వైపు వెతికారన్నమాట.

మన దగ్గర ఒక అస్థిపంజరం

ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ఆ కాలంలోనే ఆ సంస్థ భూగర్భ శాస్త్ర బృందం ప్రాణహిత, గోదావరి లోయలో శిలాజాల వేట మొదలుపెట్టింది. ఆ పొరల నుంచి వచ్చిన బారాపాసారస్ అనే డైనోసార్ ఎముకలకు 1975లో నామకరణం జరిగింది. అదే పొరల్లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారికి మరో డైనోసార్ దొరికింది. కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు ఒకేచోట బయటపడ్డాయి. పి. యాదగిరి వాటిని వర్ణించి, 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. ఎముకల్ని కూర్చి నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఈ ఎముకల గురించి ఏ వాదం వచ్చినా తేల్చుకోవడానికి ఎముకలు ఉన్నాయి. ఏ ఊరి పక్కన, ఏ పొరలో, ఎన్ని దొరికాయో రాసి ఉంది. సందేహం ఉన్నవాడు వచ్చి మళ్లీ కొలుచుకోవచ్చు. పాలక్సీ నదిలోనూ రాయి అక్కడే ఉండబట్టే సందేహించినవాడు వెళ్లి చూడగలిగాడు, నమ్మినవాడు చూసి మనసు మార్చుకోగలిగాడు. లాక్ నెస్ వింత జంతువుకు, కాంగో జంతువుకు అలాంటి ముక్క ఒక్కటీ లేదు. అందుకే ఆ వాదాలు ఎప్పటికీ తెగవు.

ఇక ముందు కూడా ఏ ఒడ్డునో వింత కళేబరం కొట్టుకొచ్చిందన్న వార్త ఫొటోతో సహా మీ ఫోనుకు వస్తుంది. నమ్మాలా వద్దా అని తొందరపడకండి. అందులోంచి ముక్క ఎవరైనా తీశారా, తీస్తే అది ఏ ప్రయోగశాలలో ఉందో అడగండి. 1977లో ఒక చేపల కంపెనీ ఉద్యోగికి ఆ ఆలోచన వచ్చింది కాబట్టే, ఆ కళేబరం సొరదని ఇవాళ మనకు తెలుసు.